ముడి మీద వేలు

తుపాకికి ఘోడా పైననే ఉండాలని ఎవడు చెప్పిండో గని, ఆ మాట పట్టుకోని శ్రవణ్ బుధవారం పొద్దుగాల మైసయ్య పరువు తీసిండు. పిల్లగాడు చెడ్డోడు కాదు, తెల్వనోడు. తెల్వనోని చేతుల ఫోనుంటే వానికి అన్నీ తెల్సినట్టే అనిపిస్తది, అదొక్కటే తిప్పల.

హాల్ల టేబుల్ మీద పాత దుప్పటి పరిచి దాని మీద తుపాకి పెట్టిండ్రు. మనిషి భుజం దాక వచ్చే పొడుగు. ఒంటి గొట్టం. మూతి నుంచి మందు పోసి, గుండ్లేసి, కడ్డీతోని కూరి, చిన్న రాగి టోపీ పెట్టి కాల్చేది. పెద్ద పటేలు పోయి రెండేండ్లాయె. లైసెన్సు ఇగ కొడుకు జనార్ధన్ పటేలు పేర్న మారాలె. మారాలంటే తుపాకికి నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు దిగాలె, ఏ ముక్క ఎక్కడున్నదో కాయితం మీద రాయాలె, శనివారం ఠాణాల సూపియ్యాలె. గా ఫొటోల పని జనార్ధన్ కొడుకు శ్రవణ్ నెత్తిన పడ్డది.

తుపాకి కడుపుకాడ ఎర్రబట్టలు సుట్టి ఉన్నయ్. ఏటా దసరాకు ఆయుధాలకు పూజ చేసినప్పుడు పెద్ద పటేలు ఒక ఎర్రబట్ట కడుతుండె. పాతది ఇప్పేది లేదు, దాని మీదనే కొత్తది. ఇరవై ఏండ్ల బట్టలు, నూనె, పసుపు, కుంకుమ అన్ని కలిసి గట్టి పడి పిడికిలంత లావైనయ్. పైన కట్టిన ఆఖరి బట్టకు ఒక్క ముడి.

"డాడీ, ఈ బట్టలు కోసేద్దామా? మీట కనవడ్తలేదు" అన్నడు శ్రవణ్.

కిటికీ కాడ కుర్చీల కూసున్న బుచ్చమ్మ సప్పున లేవబోయింది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు ఇనలే. మల్ల కూలబడ్డది.

"కొయ్యకు బిడ్డా. అది మీ తాత కట్టిన ముడి. నేను పోయినంక ఏమన్న చేస్కోండ్రి."

"ఒద్దులేమ్మా, ఎవలు ముట్టరు" అన్నడు జనార్ధన్. "పైపైన ఫొటో దిగురా."

మైసయ్య తుపాకి తలకాయ దిక్కు నిలవడ్డడు. చేతుల కొబ్బరినూనె అంటిన పాత గుడ్డ. నలభై ఏండ్ల సంది ఆ ఇంట్ల పని. ముందుగాల చెలక కావలి, చెలకలన్ని వెంచర్లయినంక గేటు కావలి. తుపాకిని రెండు జతల చేతులే ఎరుగుతయ్. ఒక జత కాష్టంల కాలిపోయినయ్. ఇంకో జత గుడ్డ పట్టుకోని నిలవడ్డయ్.

శ్రవణ్ పైనుంచి ఒక ఫొటో దిగి, ఫోన్ల ఏందో సూసి, మల్ల తుపాకిని సూసిండు.

"డాడీ, దీనికి ఘోడా లేదు."

"ఏం లేదు?"

"ఘోడా. టోపీ మీద కొట్టి పేల్చే ముక్క. ఇగో సూడుండ్రి, ఏ పాత తుపాకి సూసినా గొట్టం పైన, పక్కకు, గిట్ల కొంకిలెక్క ఉన్నది. మనదానికి పైన సాపుగున్నది. ఎవలో ఊడదీసిండ్రు."

జనార్ధన్ లైసెన్సు పుస్తకం తెరిసిండు. సిన్నప్పటి సంది హాస్టళ్ళల్ల సదివిన మనిషి, తుపాకి సప్పుడు ఇన్నడు తప్ప చేతుల పట్టినోడు కాదు. పుస్తకంల సాఫ్ రాసున్నది: ఒంటి గొట్టం, ఘోడా ఒకటి.

మైసయ్య నవ్వబోయిండు. ఘోడా కిందున్నది నాయినా, బట్టల కింద, అనబోయిండు. నోరు సగం తెరిసిండు. తెరిసి బట్ట దిక్కు సూసిండు, అట్లనే బుచ్చమ్మ దిక్కు సూసిండు. ఆమె రెండు చేతులు కుర్చీని గట్టిగ పట్టుకోనున్నయ్. టేబుల్ మీద శ్రవణ్ పక్కన కత్తెర ఉన్నది. ఇప్పుడు ఒక్క మాటంటే కత్తెర ఆ ముడి మీదికి పోతది. అంతే. మైసయ్య నోరు మూసిండు.

"మైసయ్యా" అన్నడు జనార్ధన్, మెల్లగనే. "మొన్న సున్నాలప్పుడు తుపాకి దించింది నువ్వే గద?"

"నేనే పటేలా."

"కొట్టంల పాత ఇనుము బండోనికి ఏసింది?"

"మీరు ఏయమంటేనే ఏసిన."

"ఏయమన్న. నేను కాదంటలేను. అండ్ల ఇది కలిసి పోయిందేమో యాది చేస్కో."

"గిసొంటి పాత ముక్కలు ఆన్‌లైన్ల మస్తు రేటు పలుకుతయ్ డాడీ" అన్నడు శ్రవణ్. మైసయ్యను అనాలని అనలే. అన్నంక వానికే సమజయి తల దించుకున్నడు.

తిట్టినా బాగుండు. తిడితే ఎదురు మాటన్న అనొచ్చు. కలిసి పోయిందేమో అని మెత్తగ అడిగితే ఏం చెప్తరు? మైసయ్య గొట్టం మీది ఏలిముద్రలు గుడ్డతోని తుడిసి, గుడ్డ మడిసి, కొట్టం దిక్కు పోయిండు.

*

సత్తమ్మ పొద్దుగూకకముందే నర్సరీ నుంచి వచ్చింది. పొద్దంత నల్ల కవర్లల్ల ఎర్రమట్టి నింపి నింపి గోర్లు ఎర్రగైనయ్. వాకిట్ల బిందె ముందల కూసోని గోర్లు రుద్దుకుంట మొగడు చెప్పిందంత ఇన్నది. ఇంటున్నకొద్ది రుద్దుడు ఎక్కువైంది.

"నోట్ల ఏం పెట్టుకున్నవయ్యా? బెల్లం పెట్టుకున్నవా? కిందున్నదని చెప్తే ఏం పోతుండె?"

"ముడి పోతుండె."

"పోనియ్! ముడి పోతే మల్ల ఏసుకుంటరు. నీకు దొంగ పేరు పడితే ఎట్ల పోతది? రేపు నర్సరీల నా మొకం ఎట్ల సూపియ్యాలె?"

"నీకు తెల్వదే" అన్నడు మైసయ్య. "ఆఖరి దసరాకు పెద్ద పటేలుకు ఎడమచెయ్యి పడిపోయే ఉండె. కుడిచెయ్యి ఒక్కటే జర ఆడుతుండె. పండ్లతోని ఒక కొస పట్టి, చేతితోని ఇంకో కొస గుంజి ముడి ఏసిండు. జారిపోతాంది. 'మైసిగా, వేలు పెట్టురా' అన్నడు. పెట్టిన. నా వేలు మీదికెల్లి ముడి బిగిసింది. సంక్రాంతికి ముందలనే పోయిండు."

సత్తమ్మ గోర్లు రుద్దుడు ఆపింది.

"రోజు పొద్దుగాల దానికి బొట్టు పెడ్తది ఆమె. బొట్టు పెట్టి ముచ్చట పెడ్తది. మోకాళ్ళు గుంజుతున్నయంటది, మునగచెట్టు పూసిందంటది. నేను గుమ్మం కాడ ఊడుస్తుంట, ఇనొద్దనుకున్నా ఇనవడ్తది. గా ముడిని నా నోటితోని ఎట్ల కోపియ్యాలె?"

"తుడిసిన చెయ్యి నీదాయె, దాసిన నోరు నీదాయె" అని సత్తమ్మ గిన్నెలు గట్టిగ కడిగింది. అన్నం మాత్రం మొగనికి రోజుకన్న ఒక గరిట ఎక్కువ పెట్టింది.

*

గురువారం పొద్దుగాల గేటు తీసి, వాకిలి ఊడ్చి, కుండీలకు నీళ్ళు పోసేసరికి తుర్కపల్లి దిక్కు కంపెనీ క్యాబులు ఒకదాని ఎనుక ఒకటి పోతున్నయ్. జనార్ధన్ బయటికొచ్చిండు. మైసయ్య మొకం సూడకుంట మునగచెట్టును సూసుకుంట మాట్లాడిండు.

"శనివారం దాక ఇంటికాడ ఉండు మైసయ్యా. నేను నిన్ను అంటలేను. ముక్క లేదని రాసిస్తే ఎవల చేతిల ఉండెనని అడుగుతరు, పేరు రాయాలె. గీ పని కానియ్, తర్వాత సూద్దాం. తాళాలు ఇచ్చి పో."

తాళాల గుత్తి మొలతాడుకు ఉండె. గేటుది, కొట్టంది, నీళ్ళ మోటరుది, బీరువా గదిది. వాటితోనే మైసయ్య సొంత ఇంటిది గూడ. అన్ని ఒక్క రింగుల ఉండి ఏండ్లాయె. రింగు సందుల గోరు దూరుతలేదు. జనార్ధన్ నిలవడి సూస్తుండు. సొంత తాళంచెవి తీస్కునుడు గూడ దొంగతనం లెక్కనే అనిపించింది మైసయ్యకు. ఆఖరుకు తన ఇంటి తాళంచెవి ఊడొచ్చింది. మిగిలింది పటేలు చేతిల పెట్టిండు.

హాల్ల నుంచి శ్రవణ్ వచ్చిండు, చేతుల కాయితం, పెన్ను.

"తాతా, మీ నాయిన పేరేంది?"

"ఎందుకు బిడ్డా?"

"గిండ్ల ఒక ఖానా ఉన్నది."

నలభై ఏండ్లల్ల ఆ ఇంట్ల ఎవలూ అడగని పేరు. మైసయ్య నాయిన ఈ ఇంటి బాయి తవ్విన జట్టుల ఒకడు. ఎండకు రాయి కొట్టి కొట్టి నలభై దాటకుంటనే పోయిండు. గా మనిషి పేరు ఇప్పుడు ఠాణా కాయితానికి కావాల్సొచ్చింది.

"లింగస్వామి" అన్నడు మైసయ్య.

శ్రవణ్ రాస్కున్నడు. కిటికీ ఎనుక బుచ్చమ్మ కూసున్నది. ఆమె మైసయ్యనే సూస్తాంది. మైసయ్య ఆ దిక్కు దండం పెట్టి గేటు దాటిండు. దాటినంక గేటు ఎయ్యాలనుకోని చెయ్యి ఎనుకకు పోయింది. అలవాటు పాడుగాను! చెయ్యి గుంజుకోని నడిసిండు. ఏడుపొచ్చింది. రోడ్డు మీద ఏడిస్తే బాగుండదని తువ్వాలతోని చెమట తుడుసుకున్నట్టు తుడుసుకున్నడు.

*

శుక్రవారం తుపాకికి నూనె పెట్టే రోజు. ఇంటికాడ మైసయ్యకు ఏం తోచలే. కొడవలి నూరిండు. నూరిన కొడవలి మల్ల నూరిండు. తలుపు బందులకు నూనె పెట్టిండు.

"నేను పోయి ముసలమ్మకు చెప్పొస్త" అన్నది సత్తమ్మ, కొంగు నడుముకు చెక్కి.

"నా మీద ఒట్టు. పోయినవంటే నన్ను సూడవు."

"మంచిగ ఒట్లు నేర్చినవ్" అని, కండ్లల్ల నీళ్ళతోనే నర్సరీకి పోయింది.

పదకొండు గంటలకు కారు సప్పుడైంది. శ్రవణ్ దిగిండు. మొకం వాడిపోయి ఉన్నది.

"తాతా, అవ్వ రమ్మంటాంది. నిన్నటి సంది సరిగ అన్నం తింటలేదు. నువ్వొచ్చినంకనే తింటదంట."

మైసయ్య కారు సీటు మీద నిటారుగ కూసోని పోయిండు.

హాల్ల సాప మీద బుచ్చమ్మ కాళ్ళు సాపుకోని కూసున్నది. ఒళ్ళె అడ్డంగ తుపాకి. ఆడోళ్ళు బొట్టు పెట్టుడు తప్ప తుపాకి ఎత్తని ఇల్లు అది. జనార్ధన్ గోడకానుకోని నిలవడ్డడు, ఏం చెయ్యాల్నో తెల్వక.

"కూసో మైసయ్యా" అన్నది.

మైసయ్య గుమ్మం కాడ కూసున్నడు.

"దగ్గరికి రా. ఒకటడుగుత, అబద్ధం చెప్పకు. మొన్న పిల్లగాడు ఘోడా లేదన్నప్పుడు నీ నోరు తెరుసుకున్నది. బట్టను సూసినవ్. నన్ను సూసినవ్. మూసినవ్. నా కండ్లు మసకలే గని గుడ్డియి కావు. నన్నెందుకు సూసినవ్?"

మైసయ్య నేల సూసిండు.

"దీనికిందున్నదా?" ఆమె వేలు బట్టల మూట మీద పెట్టింది.

మైసయ్య ఆ వేలును సూసిండు.

"ఉన్నదమ్మా."

"ఘోడా కిందుంటదా?" శ్రవణ్ ముందలికొచ్చిండు. "కింది నుంచి పైకి కొడ్తదా?"

"అట్లనే కొడ్తది బిడ్డా గిది. అసొంటి తుపాకి."

జనార్ధన్ గోడ ఇడిసి నిలవడ్డడు. "మరి చెప్పొద్దా మైసయ్యా? రెండు దినాల సంది ఎందుకు చెప్పలే?"

"పెద్ద పటేలు ముడి కోస్తరని" అన్నడు మైసయ్య.

బుచ్చమ్మ కండ్లల్లకెల్లి నీళ్ళు కారినయ్. తుడుసుకోలే. కొప్పుల నుంచి పిన్ను తీసి ముడిల దూర్చింది.

"అమ్మా, ఒద్దమ్మా" అని మైసయ్య చెయ్యి అడ్డం పెట్టిండు. "రేపు ఏదో రాసుకుంటరు తియ్. నాకేమైతది."

"చెయ్యి తియ్. ఆయన ముడికి ఏం నొప్పి పుడ్తదిరా? నొప్పి పుట్టేది నీకు." పిన్ను తిప్పుకుంట అన్నది. "ఆయనే ఉంటే నన్ను తిట్టకపోవునా, మైసిగాన్ని బయటికి పంపి నా ముడిని కాపాడుతున్నవా అని!"

పావుగంట పట్టింది. కత్తెర తెస్తనన్న మనుమని మీద కండ్లెర్రజేసింది. ముడి ఊడొచ్చినంక ఆ బట్టను మడిసి ఒళ్ళె పెట్టుకున్నది. మిగిలిన బట్టలు మైసయ్య ఒక్కొక్కటి ఇప్పిండు. ఒక్కో దసరా ఒక్కో పొర. లోపలికి పోతున్నకొద్ది నూనె జిడ్డు, పసుపు వాసన. ఆఖరి పొర కింద నల్లగ, నున్నగ, తుప్పు సుక్క లేకుంట ఘోడా ఉన్నది. గొట్టం కిందికి అతుక్కోని ముక్కు పైకి పెట్టుకోనున్నది.

మైసయ్య ముందుగాల కడ్డీ తీసి గొట్టంల జారిడిసిండు. అడుగుకు తగిలి టంగుమన్నది. ఏ తుపాకి పట్టినా లోపల మందున్నదా లేదా చూడనిదే మీట ముట్టొద్దని పెద్ద పటేలు నేర్పిండు. "ఖాళీనే" అన్నడు. తర్వాత బొటనేలు పెట్టి ఘోడాను కిందికి గుంజిండు. టక్కని ఆగింది. ముక్కు కొట్టే జాగల మడిసిన గుడ్డ పెట్టి మీట నొక్కిండు. ఘోడా ఎగిరి గుడ్డను కొట్టింది. ఇరవై ఏండ్ల తర్వాత గూడ గంత జోరు!

"వామ్మో" అన్నడు శ్రవణ్.

"మూడే ముక్కలు బిడ్డా. ఘోడా, మీట, ఇగో ఈ మీట సుట్టున్న వంపు పట్టి. ఇది ఏలికి అడ్డమనుకునేరు, గిదే స్ప్రింగు. దీని బలంతోనే కొడ్తది. ఇంకేం లేదు. పాడైతే కమ్మరోడు గూడ చేస్తడు."

"కిందెందుకు పెట్టిండ్రు తాతా?"

"టోపీ పేలితే దాని ముక్కలు, మంట కిందికి రాల్తయ్. కంట్లకు రావు. గురి సూస్తందుకు గూడ పైన అడ్డముండదు." మైసయ్య ఆగిండు. "మన పక్క చెలకల గండయ్య కావలుండె. ఆనిది పై ఘోడా. అడవిపందిని కొట్టబోతే టోపీ ముక్కొచ్చి కన్ను పాయె. గది సూసినంక పెద్ద పటేలు పై ఘోడా తుపాకి వాపస్ ఇచ్చి, ఎక్కడెక్కడనో తిరిగి గిది పట్టుకొచ్చిండు. 'మైసిగా, నీ కండ్లు నాకు కావాలెరా' అన్నడు."

గా ముచ్చట జనార్ధన్‌కు తెల్వదు. దగ్గరికొచ్చి మైసయ్య పక్కన సాప మీదనే కూసున్నడు. కూసోని గుడ్డ తీసి ఘోడా మీది జిడ్డు తుడవబోయిండు, తుడుసుడు రాలే.

"తప్పైంది మైసయ్యా. నేను నిన్ను మెత్తగ దొంగను చేసిన."

"పటేలా, గట్లనకుండ్రి."

"అననియ్" అన్నది బుచ్చమ్మ. "అంటేనే వానికి తిన్నది అరుగుతది."

జనార్ధన్ జేబుల నుంచి తాళాల గుత్తి తీసి మైసయ్య ముందల పెట్టిండు. మైసయ్య దాన్ని సూసిండు గని ముట్టలే.

"సత్తమ్మను అడిగి చెప్త పటేలా" అన్నడు. "ఆమెకు మస్తు కోపమున్నది."

శ్రవణ్ ఫొటోలు దిగిండు, పైన, పక్కన, కింద. కొత్త కాయితం మీద ఘోడా కిందున్నదని రాసిండు. పాత కాయితం తీసి రెండు ముక్కలు చెయ్యబోతుంటే మైసయ్య చెయ్యి పట్టిండు.

"చింపకు బిడ్డా. దాని మీద మా నాయిన పేరున్నది."

శ్రవణ్ రెండు చేతులతోని కాయితం అందిచ్చిండు. మైసయ్యకు సదువు రాదు. "యాడున్నది పేరు?" అనడిగిండు. శ్రవణ్ వేలు పెట్టి సూపెట్టిండు. మైసయ్య ఆ నాలుగు అక్షరాలను కొద్దిసేపు సూసి, కాయితం మడిసి అంగి జేబుల పెట్టుకున్నడు.

బుచ్చమ్మ ఒళ్ళె ఉన్న ఎర్రబట్ట తీసింది.

"పాతయన్ని తీసెయ్ మైసయ్యా. గిదొక్కటే కడ్దాం. ఘోడా మీద ఒద్దు. అందరికి కనవడాలె."

ఘోడాకు ఇంతెనుక, కట్టె సన్నగైన కాడ బట్ట సుట్టింది. ఒక కొస ఒక చేతిల, ఇంకో కొస ఇంకో చేతిల పట్టింది. వేళ్ళకు బలం లేదు, బట్ట జారిపోతాంది. జనార్ధన్ చెయ్యి సాపిండు.

"నువ్వు కాదు" అన్నది. "మైసయ్యా, వేలు పెట్టు."

మైసయ్య వేలు పెట్టిండు. ఆమె ఊపిరి బిగబట్టి రెండు కొసలు గుంజింది. వేలు మీదికెల్లి ముడి బిగిసింది.

"ఇగ తియ్" అన్నది బుచ్చమ్మ.

మైసయ్య జర ఆగి తీసిండు.